ఇంటికి వచ్చే వైద్యసేవల్లో ఎవరు దేనికి? మనసు సంగతి కూడా ఇంట్లో చూసుకోవచ్చా?

కావలి_వాసి · జూన్ 3, రాత్రి 9:40

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మగారికి 71 ఏళ్ళు. ఏప్రిల్ మొదటి వారంలో కుడివైపు పక్షవాతం వచ్చింది. నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పదమూడు రోజులు ఉంచి, ముక్కులో ఆహారపు గొట్టంతోనూ, మూత్రపు గొట్టంతోనూ ఇంటికి పంపించారు. డిశ్చార్జి కాగితం చివరి వరుసలో "ఇంటి వద్ద నర్సింగ్ సంరక్షణ, ఫిజియోథెరపీ కొనసాగించాలి" అని రాసి ఉంది. ఆ ఒక్క వరుస వెనక ఎంతమంది మనుషులు, ఎన్ని రకాల పనులు ఉన్నాయో కావలికి వచ్చి పడ్డాక గాని మాకు తెలియలేదు.

ఒక ఏజెన్సీకి ఫోను చేసి నర్సు కావాలని అడిగాము. వచ్చిన అమ్మాయి ఓపికస్తురాలే గాని నర్సు కాదు. నాలుగో రోజున రాగిజావ వడకట్టకుండా పోయడంతో గొట్టం మూసుకుపోయింది. దాన్ని తీసి మళ్ళీ వేయడం తనకు రాదని అప్పుడు చెప్పింది. రాత్రికి రాత్రి అంబులెన్సులో నెల్లూరు వెళ్ళి వచ్చాము. ఏజెన్సీవారిని నిలదీస్తే మేము కట్టింది అటెండర్ ప్యాకేజీకని చెప్పారు. రసీదు తీసి చూస్తే "కేర్ స్టాఫ్" అని ఉంది. దానికి అర్థం ఏమిటో రాసినవారికే తెలియాలి.

ఇది ఇలా ఉండగా, పది రోజులుగా అమ్మ ధోరణి మారింది. పగలు మగతగా పడుకుంటుంది, చీకటి పడితే కంటి మీద కునుకు ఉండదు. గాజులు చేతికి ఉండగానే ఆ అమ్మాయి వాటిని తీసేసిందని నాతో చెబుతుంది. ఏడుస్తుంది, "నన్ను పంపించేయండిరా" అంటుంది. ఏజెన్సీవారేమో ఇంటికి వచ్చి కౌన్సెలింగ్ చేసే ప్యాకేజీ కూడా తమ దగ్గర ఉందంటున్నారు. ఇంటికి వచ్చే సేవల్లో ఏ పనికి ఎవరిని పిలవాలి? మనసుకు సంబంధించిన వైద్యం కూడా నిజంగా ఇంటికి వస్తుందా? తెలిసినవారు చెప్పగలరు.

ఆత్మకూరు_సిస్టర్ · జూన్ 3, రాత్రి 10:25

బాబూ, నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మీ మిగతా ప్రశ్నలకు రేపు తీరుబడిగా రాస్తాను. ముందు వీటికి జవాబు చెప్పండి. ఈ మార్పు నెమ్మదిగా వచ్చిందా, రెండు మూడు రోజుల్లో వచ్చి పడిందా? ఒకే రోజులో కాసేపు బాగా ఉండి కాసేపు మనుషులను పోల్చుకోలేకపోవడం ఉందా? మూత్రం సంచిలో రంగు ఎలా ఉంది, అడుగున మడ్డిలాగా తేలుతోందా? మూత్రపు గొట్టం మార్చి ఎన్నాళ్ళయింది?

కావలి_వాసి · జూన్ 3, రాత్రి 10:50

రెండు రోజుల్లోనే వచ్చిందండీ. ఉదయం నన్ను పేరు పెట్టి పిలిచింది, సాయంత్రం చనిపోయిన మా మామయ్య అనుకుంది. సంచి చూసి వచ్చాను, మీరు అడిగినట్లే చిక్కగా ఉంది. గొట్టం మాత్రం ఆసుపత్రిలో వేసిందే. నెలన్నర దాటింది, మార్చాలని మాకు ఎవరూ చెప్పలేదు.

ఆత్మకూరు_సిస్టర్ · జూన్ 3, రాత్రి 11:05

అయితే కౌన్సెలింగ్ మాట పక్కన పెట్టి, తెల్లవారగానే ఆమెను డాక్టరుకు చూపించండి. మూత్ర పరీక్ష, రక్తంలో సోడియం, చక్కెర, పూర్తి రక్తకణాల పరీక్ష చేయించమని అడగండి. పెద్దవయసు వారిలో మూత్రపు గొట్టం వల్ల ఇన్‌ఫెక్షన్ పట్టుకుంటే జ్వరం రాకపోయినా ముందుగా మతి తప్పుతుంది. దీన్ని డాక్టర్లు డెలీరియం అంటారు. చూసేవారికి పిచ్చిలాగా, మతిమరుపులాగా, దిగులులాగా కనబడుతుంది గాని, మూలం ఒంట్లో ఉంటుంది. మతిమరుపు జబ్బు నెలలు, ఏళ్ళు పట్టి వస్తుంది. డెలీరియం గంటల్లో, రోజుల్లో వస్తుంది, పూట పూటకూ మారుతుంది. ఇంట్లో ఉన్న ముసలివారి ప్రవర్తన హఠాత్తుగా మారిందంటే ముందు చూడవలసింది మూత్రపు సంచిని, మందుల చీటీని, తాగిన నీళ్ళ లెక్కను. మనసు డాక్టరు వంతు ఆ తరువాత వస్తుంది.

ఆత్మకూరు_సిస్టర్ · జూన్ 4, మధ్యాహ్నం 2:10

మాట ఇచ్చాను కాబట్టి మిగతాది రాస్తున్నాను. మన జిల్లాలో "నర్సు" అనే మాటను నలుగురు వేర్వేరు మనుషులకు వాడుతున్నారు, గొడవంతా అక్కడే మొదలవుతుంది.

అటెండర్ లేక ఆయా అంటే స్నానం చేయించడం, బట్టలు మార్చడం, పక్క సర్దడం, డాక్టరు నేర్పినట్లు గొట్టంలో ఆహారం పోయడం చేసే మనిషి. మీ ఇంటికి వచ్చింది ఆమె. నర్సింగ్ అసిస్టెంట్లంటే కొన్ని నెలల శిక్షణ పొందినవారు. వీరు బీపీ, చక్కెర చూసి రాయగలరు గాని గొట్టాలు వేసే పని వీరిది కాదు. ఏఎన్ఎంలు, జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా లేక బీఎస్సీ నర్సింగ్ చదివిన స్టాఫ్ నర్సులు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదై ఉండాలి. ముక్కు గొట్టం మార్చడం, మూత్రపు గొట్టం మార్చడం, నరానికి సూది, లోతైన పుండుకు డ్రెస్సింగ్, గొంతులో రంధ్రం ఉన్నవారికి కఫం తీయడం వంటివి స్టాఫ్ నర్సు చేయవలసిన పనులు, అవి కూడా డాక్టరు రాసి ఇస్తేనే. ఇంటికి వచ్చినవారిని కౌన్సిల్ నమోదు కాగితం చూపించమనడం అవమానమేమీ కాదు. నేనైతే చూపించమని అడిగిన ఇంటివారినే ఎక్కువ గౌరవించేదాన్ని.

ఇరవై నాలుగు గంటలూ స్టాఫ్ నర్సును పెట్టుకోవడం చాలా ఇళ్ళలో అవసరమూ కాదు, తలకు మించిన ఖర్చు కూడా. మంచి అటెండర్‌ను రోజంతా ఉంచుకుని, వారానికి ఒకటి రెండుసార్లు స్టాఫ్ నర్సు వచ్చి చూసి వెళ్ళేలా ఏర్పాటు చేసుకుంటే మీ ఇంటికి సరిపోతుంది. ఏజెన్సీ కాగితం మీద ఆ మనిషి చదువు, చేసే పనులు, చేయని పనులు విడివిడిగా రాయించుకోండి. ఆమె సెలవు పెడితే బదులు ఎవరు వస్తారో కూడా రాయించుకోండి. సంక్రాంతి మూడు రోజులూ ఎవరూ ఉండరు, ఇప్పుడే చెబుతున్నాను.

గొట్టంలో ఆహారం పోసే ముందు ఆమె తలవైపు రెండు దిండ్లు పెట్టి, ఒళ్ళు సగం కూర్చున్నట్లు లేపండి. సిరంజితో మెల్లగా వెనక్కు లాగి, కడుపులోది కొంచెం వస్తోందో లేదో చూశాకే పోయండి. రాగిజావ పలుచని పాత ధోవతి గుడ్డతో రెండుసార్లు వడకట్టాలి, టీ జల్లెడ చాలదు. ఒక్కసారికి 200 మిల్లీలీటర్లకు అటూ ఇటూగా ఇచ్చి, సిరంజిని నొక్కకుండా పైకెత్తి పట్టుకుంటే దానంతట అదే దిగుతుంది. చివర కొంచెం మంచినీళ్ళు పోసి గొట్టం కడగాలి. ఆ తరువాత అరగంట పడుకోబెట్టవద్దు. మాత్రలు మెత్తగా నూరి విడిగా ఇవ్వాలే గాని జావలో కలపవద్దు. కొన్ని మాత్రలను నూరకూడదు కూడా, డాక్టరును ఒక మాట అడగండి. మూత్రపు సంచి ఎప్పుడూ నడుము కంటే కిందనే ఉండాలి. పక్క మార్చేటప్పుడు దాన్ని మంచం మీద పెట్టి మరచిపోవడం నేను వెయ్యిసార్లు చూశాను. రెండు గంటలకు ఒకసారి పక్క తిప్పి, గోడకు ఒక కాగితం అంటించి టైము రాయించండి. కాగితం లేకపోతే రెండు గంటలు ఐదు గంటలవుతుంది.

పొగతోట_ఫిజియో · జూన్ 4, సాయంత్రం 6:30

సిస్టర్ గారు చెప్పినదానికి రెండు మాటలు చేరుస్తాను. పక్షవాతం తరువాత మొదటి మూడు నాలుగు నెలల్లోనే కదలిక ఎక్కువగా తిరిగి వస్తుంది కాబట్టి, అమ్మగారు కుదుటపడేదాకా ఆగుదామని ఫిజియోథెరపీని వాయిదా వేయకండి. వచ్చే ఫిజియో రోజుకు నలభై నిమిషాలు ఉంటాడు. మిగతా గంటల్లో చేయి వేలాడకుండా దిండు మీద పెట్టడం, భుజం పట్టి లాగకుండా లేపడం అటెండర్‌కు, మీకు నేర్పకపోతే ఆ నలభై నిమిషాలు బూడిదలో పోసిన పన్నీరే. రెండోది, ముక్కు గొట్టం జీవితాంతం ఉండనక్కరలేదు. మింగడం ఎంతవరకు వచ్చిందో స్పీచ్ థెరపిస్టు పరీక్షించి చెబుతారు. మాట కోసమే వారు ఉన్నారనుకుని చాలామంది పిలవరు.

ఒంగోలు_సాంఘిక_సేవిక · జూన్ 4, రాత్రి 8:45

నేను మనోవైద్య విభాగంలో సోషల్ వర్కర్‌గా పనిచేస్తున్నాను. కావలి వాసి గారి రెండో ప్రశ్నకు జవాబు రాస్తాను. వారి ఇంటికి ఇది ఇవాళ అవసరం కాకపోయినా, రేపు కావచ్చు. పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడోవంతు మందికి డిప్రెషన్ వస్తుంది. కోలుకోవాలన్న ఆశనే అది తినేస్తుంది కాబట్టి వ్యాయామం కూడా సాగదు.

మనసు వైద్యంలోనూ నలుగురు ఉన్నారు. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చేసి మనోవైద్యంలో పీజీ చేసిన డాక్టరు. మందులు రాయడం వారి పని. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, పరీక్షలు, మాటల ద్వారా చేసే చికిత్స వారివి. వారికి భారత పునరావాస మండలి నమోదు ఉండాలి. సైకియాట్రిక్ సోషల్ వర్కర్లం కుటుంబాన్ని కూర్చోబెట్టి మాట్లాడటం, ఇళ్ళకు వెళ్ళి చూడటం, పింఛను, సర్టిఫికెట్ల వంటి దారులు చూపడం చేస్తాము. నాలుగో మాట కౌన్సెలర్. ఈ మాటను ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు, కాబట్టి ఏం చదివారు, ఎవరి పర్యవేక్షణలో పనిచేస్తున్నారు అని అడగండి. మీ ఏజెన్సీవారి ప్యాకేజీలో వచ్చేది ఎవరో తెలుసుకోకుండా డబ్బు కట్టవద్దు.

ఇంటికి ఏది వస్తుంది అన్నారు. మన జిల్లాల్లో సైకియాట్రిస్టు స్వయంగా ఇంటికి రావడం అరుదు. ఒకసారి ఆసుపత్రిలో చూపించుకున్నాక వీడియోలో మాట్లాడి మందులు కొనసాగించడం మాత్రం ఇప్పుడు మామూలైంది. 2020 మార్చిలో వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాలు అందుకు దారి ఇచ్చాయి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణికి, 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. రోగే చేయాలని లేదు, చూసుకునే కోడలు చేసినా మాట్లాడతారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుండి అమలులో ఉంది. ప్రభుత్వం కల్పించవలసిన సేవల్లో హాఫ్‌వే హోములు (ఆసుపత్రి నుండి వచ్చాక ఇంటికి చేరేలోపు ఉండే వసతులు), తోడుతో కూడిన నివాసాలు, ఇంటి వద్ద పునరావాసం పేర్లను ఆ చట్టమే రాసిపెట్టింది. అందులో ఎంత మన ఊరిదాకా వచ్చిందన్నది మీ కళ్ళముందే ఉంది. అయినా హక్కు అని తెలిస్తే అడిగే గొంతు వేరుగా ఉంటుంది.

చివరగా ఒక మాట. "నన్ను పంపించేయండి" అన్న మాటను వయసు మాటగా తీసేయకండి. చచ్చిపోవాలని అనిపిస్తోందా అమ్మా అని నేరుగా, మెల్లగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. మాత్రల డబ్బా తాళంలో పెట్టండి. పల్లెల్లో ఉన్నవారు పురుగుమందును ఇంట్లో అటక మీద ఉంచవద్దు.

కనిగిరి_మాస్టారు · జూన్ 5, ఉదయం 6:15

ఇంటి వద్ద పునరావాసం అన్న మాట చదివి, ఇన్నాళ్ళూ ఎక్కడా రాయనిది రాస్తున్నాను. మా తమ్ముడికి స్కిజోఫ్రెనియా, లేని మాటలు వినబడి, లేనిపోని అనుమానాలు పట్టే మానసిక జబ్బు. ఇంటర్ చదివేటప్పుడు మొదలైంది. మా నాయన వాణ్ణి ఏ.ఎస్. పేట దర్గాకు తీసుకువెళ్ళి నలభై రోజులు అక్కడే ఉన్నాడు. కసుమూరు దర్గాకు వెళ్ళాము, గొలగమూడి వెంకయ్యస్వామి ఆశ్రమంలోనూ నిద్ర చేశాము. ఇంటికి తెచ్చాక పారిపోతాడన్న భయంతో పశువుల కొట్టంలో కాలికి గొలుసు వేసి ఉంచిన రోజులు ఉన్నాయి. ఈ వాక్యం రాయడానికి నాకు పదిహేనేళ్ళు పట్టింది.

చివరకు ప్రభుత్వాసుపత్రిలో చూపించాము. వాడు మాత్రలు నాలుక కింద దాచి ఉమ్మేసేవాడు. అది గమనించి డాక్టరుగారు మూడు నాలుగు వారాలకు ఒకసారి వేసే సూదికి మార్చారు. ఒంగోలు వెళ్ళి రావడానికి ఒక రోజు కూలి, ఇద్దరి బస్సు చార్జీ, దారిలో వాడు దిగిపోతానని చేసే గొడవ. నాలుగు నెలలకే మానేసేవాళ్ళమేమో. మా ఊరి ఏఎన్ఎం ఆ చీటీ చూసి, డాక్టరుగారితో ఫోనులో మాట్లాడి, సూది తాను వేస్తానన్నది. ఆ అమ్మ నెలనెలా మా అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, వాడితో పది నిమిషాలు బర్రెల సంగతి మాట్లాడి సూది వేసి వెళ్ళేది. మా తమ్ముణ్ణి ఇంట్లో నిలబెట్టింది ఆ సూది ఎంతో, ఆ పది నిమిషాలు అంత. ఇప్పుడు పాలకేంద్రానికి పాలు తీసుకువెళ్ళి వాడే లెక్క చూసుకుంటాడు.

సింహపురి_రహంతుల్లా · జూన్ 5, ఉదయం 9:00

మాస్టారూ, మీ బాధ అర్థమైంది. దర్గాల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. వైద్యుడు లేని చోట, ఇరుగుపొరుగు వెలివేసిన రోజుల్లో, ఆ మనిషిని కాదనకుండా చోటు ఇచ్చిన ప్రదేశాలు అవి. అక్కడికి వచ్చినవారిని తప్పుపట్టవద్దని నా మనవి.

ఒంగోలు_సాంఘిక_సేవిక · జూన్ 5, ఉదయం 10:20

తప్పు పట్టనవసరం లేదండీ, కాని గొలుసు విషయంలో రాజీ లేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా దగ్గరి ఒక ఆశ్రయంలో మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు పారిపోలేక కాలిపోయారు. ఇప్పటి చట్టం ఏ రూపంలోనూ గొలుసు వేయకూడదని స్పష్టంగా నిషేధించింది. అదే ఏర్వాడిలో, గుజరాత్‌లోని ఉనావాలో దర్గాను చూసుకునే ముజావర్లే రోగిని పక్కనున్న డాక్టరు దగ్గరకు పంపే "దవా, దువా" (మందు, ప్రార్థన) పద్ధతి నడిచింది. మొక్కు మొక్కుకోండి, మాత్ర మానవద్దు. నేను మా దగ్గరకు వచ్చే కుటుంబాలకు చెప్పేది అంతే.

పొదలకూరు_అక్క · జూన్ 5, మధ్యాహ్నం 3:30

మా చెల్లెలి భర్త తాగుడు మానడానికి ఎవరో ఒక పొడి ఇచ్చారు. రోజూ సాంబారులో కలిపి పెడుతోంది. అతనికి తెలియదు. ఇది కూడా ఇంటి వైద్యమే కదా, సరైనదేనా?

ఒంగోలు_సాంఘిక_సేవిక · జూన్ 5, మధ్యాహ్నం 3:50

అక్కా, ఇవాళే ఆపించండి. ఆ పొడి ఏమిటో నాకు తెలియదు గాని, అలా రహస్యంగా కలిపేవాటిలో చాలాసార్లు డైసల్ఫిరామ్ అనే మందు ఉంటుంది. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, గుండె దడ, వాంతులు వచ్చి, బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. డాక్టరు దాన్ని రోగికి అంతా చెప్పి, అతను ఒప్పుకున్నాకే, గుండె, కాలేయం పరీక్షించి ఇస్తారు. ఆ పొడి ఆపిన రెండు వారాల వరకు కూడా తాగితే ఆ ప్రమాదం ఉంటుంది కాబట్టి ఆ సంగతి అతనికి చెప్పక తప్పదు. గొడవ అవుతుంది, కానివ్వండి.

ఇంకొకటి. ఏళ్ళ తరబడి రోజూ తాగేవారిని గదిలో పెట్టి తాళం వేసి మాన్పించడం కూడా ప్రమాదమే. మానిన రెండు రోజుల లోపల మూర్ఛ రావచ్చు. రెండు నుండి నాలుగు రోజుల మధ్య ఒళ్ళంతా వణుకు, చెమటలు, లేని పురుగులు గోడల మీద కనబడటం మొదలవుతుంది. అది ఆసుపత్రిలో చేర్చవలసిన స్థితి. తక్కువగా తాగేవారికి, ఇదివరకు మూర్ఛలు రానివారికి, ఇంట్లో గట్టి మనిషి తోడు ఉంటే, డాక్టరు ఇంటి వద్దనే మందులతో మాన్పించడానికి ఒప్పుకుంటారు. ఎవరు ఏ రకమో తేల్చవలసింది వారు. వ్యసనాల కోసం 14446 అనే ఉచిత నంబరు ఉంది.

పొగతోట_ల్యాబ్ · జూన్ 5, రాత్రి 7:15

నేను ఇంటింటికీ వెళ్ళి రక్తం నమూనాలు తీసే మనిషిని. మనసు జబ్బులకు రక్త పరీక్ష ఏమిటని చాలామంది అడుగుతారు. బైపోలార్ (మనసు మితిమీరి ఉప్పొంగడం, కుంగడం) జబ్బుకు ఇచ్చే లిథియం వాడేవారికి రక్తంలో దాని మోతాదు చూడాలి. చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు తీసిన రక్తంలోనే లెక్క సరిగ్గా వస్తుంది. నేను ఉదయం ఏడింటికి వెళ్ళేసరికి, ఎటూ పరీక్ష ఉంది కదా అని మాత్ర వేసి కూర్చోబెట్టిన ఇళ్ళు ఉన్నాయి. ఆ రోజు తీసినా ప్రయోజనం లేదు. మన ఎండల్లో చెమట పట్టి, నీళ్ళు, ఉప్పు తగ్గితే లిథియం ఒంట్లో పేరుకుపోతుంది. రోహిణి కార్తెలో చేతులు వణికి, వాంతులై, తూలుతున్నవారిని ఎండదెబ్బ అనుకుని ఇంట్లో పడుకోబెడుతున్నారు. స్కిజోఫ్రెనియాకు వేరే మందులు పనిచేయనప్పుడు ఇచ్చే క్లోజపిన్ మొదలుపెట్టినవారికి మొదటి 18 వారాలు వారం వారం తెల్లకణాల లెక్క చూడాలి. ఇంటికి వచ్చి తీసే సౌకర్యం లేకపోతే ఉదయగిరి వైపు మారుమూల ఊళ్ళవారు ఆ మందు కొనసాగించడం కష్టం.

లెక్కల_మనిషి_ఒంగోలు · జూన్ 6, ఉదయం 8:40

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆరోగ్య బీమా పాలసీలో "డొమిసిలియరీ" (ఇంటి వద్ద చికిత్స) అని ఉంటే ఇంట్లో పెట్టుకున్న అటెండర్ ఖర్చు వస్తుందని ఏజెంటు చెబితే నమ్మకండి. ఆసుపత్రిలో చేర్చవలసిన జబ్బే అయి, కదిలించలేని స్థితి వల్లనో పడక దొరకకనో ఇంట్లో చికిత్స చేసినప్పుడు, సాధారణంగా మూడు రోజులు దాటితేనే అది వర్తిస్తుంది. మానసిక జబ్బుల చికిత్సకు మాత్రం శారీరక జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 చట్టమే చెప్పింది కాబట్టి, "ఇది మానసికం, రాదు" అని తిప్పి పంపితే అక్కడితో ఊరుకోవద్దు.

2024 జూలై నుండి ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయలు. దానికి సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) కావాలి, గ్రామ లేక వార్డు సచివాలయంలో స్లాటు అడగాలి. దీర్ఘకాలిక మానసిక జబ్బు కూడా 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాలలో ఉంది. మాస్టారి తమ్ముడికి తీసుకున్నారో లేదో.

కనిగిరి_మాస్టారు · జూన్ 6, ఉదయం 9:10

తీసుకోలేదండీ. పిచ్చి సర్టిఫికెట్ ఉంటే చెల్లెలికి సంబంధం రాదని అమ్మ ఒప్పుకోలేదు. చెల్లెలి పెళ్ళి అయి ఆరేళ్ళయింది. ఈ వారం సచివాలయానికి వెళతాను.

ఆత్మకూరు_సిస్టర్ · జూన్ 6, రాత్రి 8:00

ఏజెన్సీల సందడిలో, ప్రభుత్వం తరఫున ఇంటికి వచ్చేవి మరచిపోతున్నాము. ఆసుపత్రిలో కాన్పయి ఇంటికి వచ్చిన బిడ్డను చూడటానికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావాలి. ఆమె బిడ్డ బరువు చూసి వెళ్ళిపోకుండా, బాలింత నిద్రపోతోందా, బిడ్డను దగ్గరకు తీసుకుంటోందా అని కూడా గమనించాలి. కాన్పయిన వారంలో వచ్చే కన్నీళ్ళు మామూలే గాని, రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. బిడ్డ గురించి విపరీతపు మాటలు మాట్లాడితే ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. "గాలి సోకింది" అని తాయెత్తు కట్టి నాలుగు రోజులు చూడటం వల్ల చేజారిన కేసులు నా సర్వీసులో ఉన్నాయి.

ఎదుగుదల తక్కువగా ఉండి బడికి రాలేని పిల్లలకు, ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల టీచర్లు ఇంటికి వచ్చి నేర్పుతారు, కేంద్రంలో ఫిజియోథెరపీ కూడా చేయిస్తారు. 2023 ఏప్రిల్‌లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానంలో, ఊరికి వచ్చిన డాక్టరు మంచాన ఉన్నవారిని ఇంటికి వెళ్ళి చూడటం కూడా ఒక భాగమే. ఇంట్లో మంచం పట్టినవారు ఉన్నారని ఆశా దగ్గర పేరు రాయించండి. రాయించనివారి ఇంటికి ఎవరూ వెతుక్కుంటూ రారు.

మైపాడు_గాలి · జూన్ 7, సాయంత్రం 6:50

మా నాన్నగారికి అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు. పొద్దు వాలే వేళకు "ఇంటికి పోతాను" అని సొంత ఇంట్లో నుండే బయలుదేరతారు. మొదట్లో ఇదే మీ ఇల్లు అని వాదించేవాణ్ణి, ఇద్దరమూ ఏడ్చేవాళ్ళం. ఇప్పుడు "పదండి నాన్నా" అని చెప్పులు వేయించి, ఉప్పుటేరు గట్టు దాకా నడిపించి, వెనక్కు తీసుకువస్తాను. ఇల్లు వచ్చేసిందని సంతోషంగా లోపలికి వస్తారు. ఈ ఉపాయం నేర్పింది మనోవైద్య విభాగం నుండి రెండుసార్లు మాత్రమే మా ఇంటికి వచ్చిన ఒక నర్సు. నేను ఆమెను నాన్నకు నిద్రమాత్ర అడిగాను. ఆమె నన్ను మీరు నిద్రపోయి ఎన్నాళ్ళయిందని అడిగింది.

కావలి_వాసి · జూన్ 11, రాత్రి 9:15

ఆలస్యానికి క్షమించండి. సిస్టర్ గారు చెప్పిన తెల్లవారే అమ్మను తీసుకువెళ్ళాము. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ గట్టిగా ఉంది, సోడియం కూడా తగ్గింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచి, గొట్టం మార్చి, యాంటీబయాటిక్ ఇచ్చారు. నాలుగో రోజుకు గాజుల మాట మరచిపోయింది. ఆ అమ్మాయినే పిలిచి జడ వేయమంది. మేము ఆ పది రోజులూ ఆ అమ్మాయి పెట్టె రెండుసార్లు వెతికాము. ఆ సంగతి ఆమెకు తెలుసు. నా భార్య క్షమాపణ చెప్పింది, నేను ఇంకా చెప్పలేదు.

ఏడుపు మాత్రం తగ్గలేదు. సేవిక గారు చెప్పినట్లు నేరుగా అడిగాను. చాలాసేపు ఊరుకుని, చావాలని కాదురా, మీకు బరువైపోయానని, అంది. ఆసుపత్రిలోనే సైకియాట్రిస్టు చూసి డిప్రెషన్ అని తేల్చి, తక్కువ మోతాదులో మాత్ర మొదలుపెట్టారు. గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుందని, సోడియం మళ్ళీ చూడాలని చెప్పారు. తరువాతి సంప్రదింపు వీడియోలో. స్టాఫ్ నర్సు వారానికి ఒకసారి వచ్చేలా వేరేచోట మాట్లాడుకున్నాము, ఆమె కౌన్సిల్ కాగితం అడగకముందే చూపించింది. స్పీచ్ థెరపిస్టు నిన్న మింగడం పరీక్షించి, నోటితో కొద్దికొద్దిగా మొదలుపెట్టవచ్చన్నారు. నీళ్ళు పలుచగా ఇవ్వవద్దు, చిక్కగా ఉన్నవే ఇవ్వండి అన్నారు. సిస్టర్ గారూ, ఎంత చిక్కగా?

ఆత్మకూరు_సిస్టర్ · జూన్ 11, రాత్రి 9:40

చెంచా వంచితే ధారగా కారకూడదు, ముద్దగా జారాలి, గడ్డ పెరుగులాగా. థెరపిస్టు చూపించిన చిక్కదనం ఒకటి ఉంటుంది, దాన్నే కొలతగా పెట్టుకోండి. పూర్తిగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి దించి, టీస్పూనులో సగం. మింగిందని గొంతు కదలిక చూశాకే రెండోది. దగ్గు వచ్చినా, గొంతు తడిగా గరగరలాడినా ఆ పూటకు ఆపేయండి. మొదటి చెంచా మీరు పెట్టండి, ఆ అమ్మాయిని పక్కన నిలబడి చూడమనండి. ఆ క్షమాపణ కూడా అప్పుడే చెప్పేయండి.